ఆశ్రమ్ చౌక్‌లో ఆగిన జీపు

పోయిన నెలలో మా సొసైటీలో పై అంతస్తులో ఉండే బెంగాలీ ఆయన తన డీజిలు బండి అమ్మేస్తూ, కొనడానికి వచ్చినవాళ్ళు ఏదో ఒక వంక పెడతారు, మీరు మెకానికల్ ఇంజినీరు కదా, పక్కన నిలబడండి చాలు అని నన్ను బేస్‌మెంట్లోకి తీసుకువెళ్ళాడు. ఆ బండికి పదేళ్ళు నిండబోతున్నాయి. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు బండిని తిరగనివ్వరు కనుక, ఒంట్లో ఏ జబ్బూ లేని దాన్ని వేరే రాష్ట్రం వాళ్ళకి అప్పగించేయాలి. నేను అలవాటుకొద్దీ ముందు బానెట్ ఎత్తలేదు, వంగి బండి కింద నేల చూశాను. పొడిగా ఉంది. నూనె చుక్క లేదు, నీటి చెమ్మ లేదు. అలా ఎంతసేపు వంగి ఉన్నానో గాని, ఆయన కంగారుపడి "ఏమైనా కనిపించిందా దాదా?" అని అడిగాడు. ఏమీ కనిపించలేదని చెప్పాను. నాకు వింతగా తోచింది కూడా అదే. నా మొదటి బండిని ఎక్కడ నిలిపినా కాసేపటికి దాని కింద ఒక మడుగు తయారయ్యేది, ఆ మడుగు రంగును బట్టి ఆ రోజు ఏ భాగానికి ముప్పు వచ్చిందో నేను చెప్పగలిగేవాణ్ణి.

తొంభైల్లో ఉద్యోగం వెతుక్కుంటూ ఢిల్లీ చేరిన మన తరం వాళ్ళకి అప్పటి ప్రయాణాల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మెట్రో అన్న మాట లేదు. బస్సు ఫుట్‌బోర్డు మీద ఒక కాలికి చోటు దొరికితే అదృష్టం, ఆటోవాడు యమున దాటి రానంటే బతిమాలుకోవడం మన ఖర్మ. నేను కాకినాడలో చదువు ముగించి, నోయిడాలో నీళ్ళ పంపులు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాను. మొదటి ఏడాది ఆర్.కె. పురంలో మా అన్నయ్య వాళ్ళ గవర్నమెంటు క్వార్టర్‌లోనే ఉన్నాను. అన్నయ్య సచివాలయంలో సెక్షన్ ఆఫీసరు, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. తర్వాత ఫ్యాక్టరీకి దగ్గరగా ఉంటుందని మయూర్ విహార్‌లో గది తీసుకున్నాను గాని, ఆదివారం వచ్చిందంటే ఊరి ఆ చివరి నుంచి ఈ చివరికి రెండు బస్సులు మారి వదిన చేతి అన్నానికి హాజరయ్యేవాణ్ణి. బండి ఒకటి ఉండాలన్న ఆలోచన నాకు ఆ ఆదివారపు బస్సుల్లోనే పుట్టింది.

స్కూటరు కొనుక్కోవలసిన వయసులో, స్కూటరుకి సరిపడే జీతంలో నేను జీపు కొన్నాను. జీపు అని అంటున్నానంటే అప్పట్లో ఎత్తుగా, నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి ఏదైనా మనకి జీపే. అది విదేశంలో తయారై, ఇక్కడి ఒక ఎంబసీలో కొన్నాళ్ళు పనిచేసి, వేలంలో బయటికి వచ్చి, అక్కడి నుంచి రెండు మూడు చేతులు మారి నా దాకా వచ్చింది. తయారుచేసినవాళ్ళ పేరు చెప్పను, వాళ్ళ తప్పేమీ లేదు. మధ్యలో చేతులు పెట్టినవాళ్ళదే అంతా. అమ్మిన దళారి దాన్ని తెల్లగా మెరిపించి, సీట్లకి కొత్త బట్ట తొడిగి, ఎంబసీ బండి అంటే కన్నబిడ్డలా చూసుకుంటారు సాబ్ అన్నాడు. నేను పరీక్ష చేయకుండా కొనలేదు. కంప్రెషన్ చూశాను, ఇంజను నూనె వేళ్ళ మధ్య రుద్ది చూశాను, ఛాసిస్ మీద వెల్డింగు మచ్చలు వెతికాను. కాలేజీలో నేర్పినవన్నీ చూశాను. కాని చల్లని డిసెంబరు ఉదయం పూట చూశాను. మే నెల మధ్యాహ్నం ఆ బండి ఎలా ప్రవర్తిస్తుందో డిసెంబరులో ఏ పరీక్షా చెప్పదు.

దాని జబ్బుల్ని నేను వ్యవస్థల వారీగా విభజించుకున్నాను. విద్యుత్తుకి సంబంధించినవి: వైపర్లు వేస్తే హారను మోగేది, హారను నొక్కితే ఏమీ మోగేది కాదు. బ్రేకులకి సంబంధించినవి: ఎడమ ముందు చక్రం మిగతా మూడింటికంటే ముందే పట్టుకునేది, అందుకని స్టీరింగు కాస్త కుడికి తిప్పి ఉంచి బ్రేకు వేయాలి, ఆ కిటుకు తెలియనివాడికి బండి ఇవ్వకూడదు. డీజిలు పంపు ఆరు నెలలకోసారి అలిగేది. అన్నిటికంటే మొండిది ఇంజనుని చల్లబరిచే వ్యవస్థ. రేడియేటరు, దాని రబ్బరు గొట్టాలు, ఫ్యాను బెల్టు, ఇవి వంతులు వేసుకుని పోయేవి. నడుస్తున్నంతసేపూ పరవాలేదు, ట్రాఫిక్‌లో నిలబడితే మాత్రం వేడిముల్లు ఎర్రగీత వైపు పాకడం మొదలుపెట్టేది. అందుకని వెనక సీటు పక్కన ఎప్పుడూ రెండు పెద్ద ప్లాస్టిక్ డబ్బాల నిండా నీళ్ళు మోసుకు తిరిగేవాణ్ణి.

విడిభాగాల సంగతి వేరే కథ. కశ్మీరీ గేటు బజారులో ఆ బండి పేరు చెప్పగానే దుకాణాలవాళ్ళు మొదట సానుభూతి చూపించి, తర్వాత ధర చెప్పేవాళ్ళు. దొరికితే బంగారం తూకం, దొరక్కపోతే మాయాపురిలో పాత ఇనుము గుట్టల మధ్య ఏదో ఒక లారీ భాగాన్ని వెతికి, లేతు మీద చెక్కించి, దాన్ని దీనికి అతికించాలి. కోట్లాలో నాకో మిస్త్రీ ఉండేవాడు. పని తెలిసినవాడే, తెలియనప్పుడు కూడా తెలిసినవాడిలా ఉండేవాడు, ఒకసారి గేరుబాక్సు విప్పి మళ్ళీ బిగించాక మిగిలిన ఒక వాషరుని నా చేతిలో పెట్టి, ఇది కంపెనీవాళ్ళు ఎక్కువ వేశారు సాబ్ అన్నాడు. నా జీతంలో మంచి భాగం అతనికీ కశ్మీరీ గేటుకీ పోయేది, మిగిలినదాంతో గది అద్దె కట్టి, సగం నెల వదిన కట్టి ఇచ్చిన పచ్చళ్ళతో గడిపేవాణ్ణి.

అయినా దాన్ని ఎందుకు ఉంచుకున్నానంటే, దానికి వెనక భాగం చాలా పెద్దది. ఢిల్లీ తెలుగువాళ్ళలో అలాంటి బండి ఉన్నవాడి బతుకు ఎలా ఉంటుందో మీకు తెలుసు. మన వైపు నుంచి రైలు వచ్చిందంటే ఎవరికో బియ్యం బస్తా దిగుతుంది, ఎవరికో ఆవకాయ జాడీ, ఎవరికో గోంగూర కట్టలు తడిగుడ్డలో. ఆర్.కె. పురం మొదలుకొని యమున అవతల దాకా నేను దింపిన బస్తాలకి లెక్కలేదు. బండి నడిచినంత మేర అందరికీ పనికొచ్చేది. నడవని రోజున తొయ్యడానికి కూడా అంతమంది వచ్చేవాళ్ళు, అది వేరే విషయం.

ఇక వదిన సంగతి చెప్పాలి. ఆమె హోమ్ సైన్సులో డిగ్రీ చేసిన మనిషి. పిల్లలిద్దరూ బడికి వెళ్ళాక ఇంట్లో ఏం చేయాలో తోచక మొదట ఇడ్లీ పిండి రుబ్బి పక్కవాళ్ళకి ఇచ్చేది, తర్వాత బ్యాచిలర్లకి కందిపొడీ, పచ్చళ్ళూ. క్రమంగా విందులు చేసిపెట్టే పని పెట్టుకోవాలన్న కోరిక ఆమెలో గట్టిపడింది. అన్నయ్యకి అది ఇష్టం లేదు. ఆయన చెడ్డవాడు కాడు, కాని నిబంధనల మనిషి. ఆఫీసు పెన్సిలు ఇంటికి తెచ్చేవాడు కాదు. ప్రభుత్వోద్యోగి కుటుంబంలో ఎవరైనా వ్యాపారం చేస్తే ఆ విషయం ఆఫీసుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ కాగితం రాయడం, అది పై అధికారి బల్ల మీదకి వెళ్ళడం, సెక్షన్ ఆఫీసరు భార్య వంటలు అమ్ముతోందట అని కారిడార్లలో అనుకోవడం ఆయన ఊహకే మింగుడు పడలేదు. ఇంట్లో ఈ మాట మీద చాలా రోజులు ముభావంగా గడిచాయి.

అలాంటి సమయంలో మా ఫ్యాక్టరీలో నా పై అధికారి, మనవాడే, మయూర్ విహార్‌లో గ్రూప్ హౌసింగ్ ఫ్లాటు తీసుకుని గృహప్రవేశం పెట్టుకున్నాడు. వాళ్ళ అమ్మగారు భోజనాల విషయంలో పట్టింపు గల మనిషి. ఢిల్లీ హల్వాయి చేసిన దప్పళం తిని గృహప్రవేశం చేసుకునే గతి నాకు పట్టలేదు అందట. నేను వదిన పేరు చెప్పాను. నూట యాభై మందికి భోజనం. అన్నయ్య రెండు రోజులు ఆలోచించి, చివరికి అన్నం తింటూ తలెత్తకుండా తన తీర్పు చెప్పాడు. ఈ ఒక్కసారికి చెయ్యి, సవ్యంగా జరిగితే తర్వాత నీ ఇష్టం, ఏమాత్రం అభాసుపాలైనా మళ్ళీ ఈ ఇంట్లో వంటల వ్యాపారం మాట ఎత్తకూడదు. వదిన సరేనంది. ఆ సరే అన్నప్పుడు ఆమె గొంతు విన్నవాళ్ళకి ఆ విందు ఆమెకి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

ముహూర్తం మే నెలలో ఒక బుధవారం వచ్చింది. అన్నయ్య యథాప్రకారం ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో ఆర్.కె. పురం ఉద్యోగులు చాలామంది చార్టర్డ్ బస్సుల్లో వెళ్ళేవాళ్ళు, మీకు గుర్తుండే ఉంటుంది. నెలకింత అని కట్టుకుని, ఎవరి సీటు వాళ్ళది, ఏళ్ళ తరబడి అదే కిటికీ, అదే పక్కమనిషి. ప్రతి బస్సుకీ నెల డబ్బు వసూలు చేసి యజమానికి అప్పగించే నమ్మకమైన మనిషి ఒకడు ప్రయాణికుల్లోంచే ఉండేవాడు. మా అన్నయ్య బస్సుకి మా అన్నయ్యే ఆ మనిషి. ఉదయం అందర్నీ ఆఫీసుల దగ్గర దింపి, సాయంత్రం ఎక్కించుకునే దాకా ఆ బస్సు ఇండియా గేటు వైపు చెట్ల కింద నిద్రపోతూ ఉండేది.

తెల్లవారుజామునే మొదలుపెట్టి వదిన, పక్క క్వార్టర్ ఆవిడ కలిసి వంటలన్నీ ముగించారు. అన్నం మాత్రం అక్కడే వార్చుకోవాలి. పులిహోర, పూర్ణం బూరెలు, గుత్తివంకాయ, గుమ్మడికాయ దప్పళం, పెరుగు వడలు, పరమాన్నం, గుండిగల్లోనూ గంగాళాల్లోనూ సర్ది నేను జీపు వెనక భాగాన్ని కొలతలు వేసి నింపాను. బరువైనవి ఇరుసు మీదికి, తొణికేవి మధ్యలోకి. అంతా అమరిందనుకున్న సమయానికి వదిన రెండు పెద్ద ఇత్తడి బిందెలతో మంచినీళ్ళు తెచ్చింది. యమున అవతలి కాలనీల్లో అప్పట్లో బోరు నీళ్ళే గతి, ఉప్పుకషాయం. ఆ నీళ్ళతో కాఫీ డికాషన్ తీస్తే ఎంత మంచి పొడి అయినా బురదలా ఉండేది. అమ్మగారు భోజనాల తర్వాత కాఫీ బాగుండాలని మరీ మరీ చెప్పింది కనుక, ఆర్.కె. పురం నీళ్ళే తీసుకువెళ్ళాలని వదిన పట్టు. బిందెలకి చోటు కావాలంటే నా ప్లాస్టిక్ డబ్బాలు దిగాలి.

"వదినా, అవి రేడియేటరు నీళ్ళు. అవి లేకుండా నేను గుమ్మం దాటను," అన్నాను.

"నెల రోజులనుంచి బుద్ధిగా నడుస్తోందని నువ్వే కదా అబ్బాయ్ మొన్న మురిసిపోయావు!"

"నడుస్తోంది గాని..."

"అయితే ఇవాళా నడుస్తుంది. నీ బండికి కాఫీ అలవాటు లేదు గాని, అక్కడికొచ్చేవాళ్ళకి ఉంది."

డబ్బాలు మెట్ల కింద ఉండిపోయాయి. ఆలోచిస్తే అది మనవాళ్ళు మాత్రమే చేయగల పని. ఇంకెవరూ కాఫీ కోసం రేడియేటరు నీళ్ళు దించరు.

మోతీబాగ్, ఎయిమ్స్, సౌత్ ఎక్స్‌టెన్షన్, లజ్‌పత్ నగర్ దాకా బండి పెళ్ళివారి గుర్రంలా నడిచింది. ఆశ్రమ్ చౌక్‌లో ట్రాఫిక్ ఆగింది. అప్పట్లో ఆశ్రమ్ చౌక్‌లో ఆగడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి తెలుసు. నాలుగు వైపులనుంచీ లారీలు, బస్సులు, పైన మే నెల ఎండ. ముల్లు లేచింది. నేను హీటరు వేశాను, ఇంజను వేడిని కొంత లోపలికి లాగుతుందని. నలభై డిగ్రీల ఎండలో హీటరు వేసుకుని, వదిన చీరకొంగుతో విసురుకుంటూ కూర్చుంది. ముల్లు ఎర్రగీత దాటబోతుండగా ముందునుంచి ఫట్‌మని చప్పుడు, ఆ వెంటనే బానెట్ నాలుగు అంచుల నుంచీ ఆవిరి. ఎలాగో బండిని పక్కకి దొర్లించి ఆపాను. కింది రబ్బరు గొట్టం నిలువునా చీలింది. రేడియేటరులో ఉన్నదంతా రోడ్డు మీద ఉంది.

అక్కడినుంచి యమున వంతెన దగ్గరే, వంతెన దాటితే మయూర్ విహార్. కాని ఆటోల్లోకి ఆ గుండిగలు పట్టవు, టెంపో కోసం అటూ ఇటూ పరిగెత్తాను, ఖాళీది దొరకలేదు. వదిన రోడ్డు పక్కన పసుపు బోర్డున్న టెలిఫోను బూతులోకి వెళ్ళింది. అన్నయ్య ఆఫీసుకి చేస్తోందని నాకు అర్థమైంది. ఈ విందు చెడితే తీర్పు చెప్పవలసిన మనిషికి, అది చెడుతోందని తనే చెబుతోంది. అద్దంలోంచి ఆమె పెదాలు కదలడం, తర్వాత ఊరికే వినడం కనిపించింది. బయటికి వచ్చింది.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. గిన్నెలన్నిటికీ మూతలు గట్టిగా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. పెట్టేశారు."

"అంటే?"

"నాకేం తెలుసు? ఇంటికి పట్టుకొచ్చెయ్యమనేమో. ఆయనకి ఒలికితే గిట్టదు కదా."

నేను పనిముట్ల పెట్టెలోంచి పాత సైకిలు ట్యూబు ముక్క తీసి చీలిన గొట్టానికి చుట్టి, తీగతో బిగించాను. ఇక కావలసింది నీళ్ళు. వదిన నన్ను చూసింది, బిందెల్ని చూసింది. తనే ఒక బిందె ఎత్తి అంచుకి తెచ్చి పెట్టింది. రేడియేటరు చల్లబడే దాకా ఆగి, కొద్దికొద్దిగా పోశాను. ఎంత బిగించినా కట్టు కిందనుంచి కాఫీ నీళ్ళు సన్నగా కారుతూనే ఉన్నాయి. స్టార్ట్ చేస్తే ఇంజను పట్టుకుంది గాని, ముల్లు మళ్ళీ బయలుదేరింది. ఆపేశాను.

"ఎంత దూరం వెళ్తుంది?" అని అడిగింది వదిన.

"వంతెన ఎక్కుతుంది."

"ఎక్కితే దిగదా?"

"దిగుతుంది. ఆ తర్వాత ఇంకెక్కడికీ వెళ్ళదు. ఇంజను హెడ్డు వంగిపోతుంది, మార్చడమంటే దాదాపు కొత్త బండి ఖరీదు."

ఆమె గుండిగల వైపు చూసి, ఎండ వైపు చూసి, చెమట తుడుచుకుంది. "అయితే వద్దులే అబ్బాయ్. ఒక విందు పోతే పోయింది, ఎప్పటికైనా ఇంట్లో నీకు వండిపెట్టక తప్పదు. నీ బండిని చంపి నేను వడ్డించలేను."

ఆమె ఆ మాట మామూలుగానే అంది. అందుకే నేను భరించలేకపోయాను. ఎక్కు వదినా, పోతే హెడ్డే కదా అని తాళం మీద చెయ్యి వేశాను. ఆమె ఎక్కనని, నేను ఎక్కమని, ఇద్దరం రోడ్డు మీద వాదించుకుంటూ ఉండగా వెనకనుంచి పెద్ద హారను మోగింది. మథురా రోడ్డు వైపునుంచి తిరిగి ఒక బస్సు మా వెనకే వచ్చి ఆగింది. లోపల ప్రయాణికులెవరూ లేరు. కిటికీ పక్కన ఒకే ఒక్క మనిషి, ఆఫీసు చొక్కా, జేబులో రెండు పెన్నులు.

అన్నయ్య దిగి, ముందు ఫుట్‌పాత్ మీద తడిని తొక్కకుండా పక్కకి జరిగి, బండి వెనక తలుపు తెరిచి మూతలన్నీ ఒకసారి నొక్కి చూశాడు. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, పని మొదలుపెడదామన్నట్టు తల ఊపాడు. ఆ డ్రైవరు హర్యానా మనిషి, భుజాలు చూస్తే గుండిగలు మొయ్యడానికే పుట్టినట్టున్నాడు. "బాబూజీ నే ఆజ్ తక్ కుఛ్ నహీ మాంగా," అని మాకు చెప్పాడు, ఇన్నేళ్ళలో మీ బాబూజీ నన్ను ఏదీ అడగలేదు, ఇదే మొదటిసారి అని. అది నిజం. బస్సుని తన బ్లాకు ముందు ఒక్క నిమిషం ఆపమని కూడా అన్నయ్య ఏనాడూ అడిగి ఎరగడు. ఆ రోజు సగం రోజు సెలవు పెట్టి, చెట్ల కింద నిద్రపోతున్న డ్రైవరుని స్వయంగా లేపి తీసుకువచ్చాడు.

"మీరెందుకు వచ్చారు, ఎవరినైనా పంపకపోయారా," అంది వదిన, ఏదో ఒకటి అనాలని.

"ఎవరిని పంపను? మా సెక్షన్‌లో ఎవరికీ దప్పళం మొయ్యడం రాదు. ఒరేయ్, నువ్వు అటు పట్టు."

అలా మన వంటలన్నీ కేంద్ర ప్రభుత్వోద్యోగుల సీట్ల మీద కూర్చున్నాయి. పులిహోర డిప్యూటీ సెక్రటరీగారి స్టెనో సీటులో, బూరెలు ఎవరో అకౌంటెంటు సీటులో. పరమాన్నం గిన్నెని అన్నయ్య తన సొంత సీటులో కూర్చుని, రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని, రెండు చేతులా పట్టుకున్నాడు. జీపుకి తాళం వేసి, పక్క దుకాణంవాడికి అప్పగించి నేనూ ఎక్కాను. వంతెన మీద ఒక గుంత దగ్గర దప్పళం కాస్త ఒలికి బస్సు నేల మీద పారింది. అన్నయ్య ఆ ప్రవాహాన్ని చూసి కళ్ళు మూసుకున్నాడు గాని గిన్నె వదలలేదు. డ్రైవరు మాత్రం అద్దంలోంచి చూసి, షాదీ కీ ఖుష్‌బూ ఆ రహీ హై, బస్సులో పెళ్ళి వాసన వస్తోందని నవ్వాడు.

మేము చేరేసరికి హోమం ఇంకా సగంలో ఉంది. గృహప్రవేశాల్లో ఏదీ వేళకి జరగదన్న సంగతి మేం ముగ్గురం ఆ కంగారులో మరిచిపోయాం. వదిన చీరకొంగు దోపుకుని అన్నం వార్చడానికి కూర్చుంది. నూట యాభై మందీ తిన్నారు, తర్వాత ఇంకో ఇరవైమంది కూడా తిన్నారు. కాఫీకి ఒక బిందె నీళ్ళే మిగిలాయి కనుక పెద్దవాళ్ళకి మాత్రమే అందింది, డ్రైవరుకి వదిన తన వాటా ఇచ్చింది. అంతా అయ్యాక అమ్మగారు వదినని పిలిచి, అందరి ముందూ, "దప్పళంలో ఉప్పు ఒక పిసరు తగ్గిందమ్మాయ్, కాఫీ మాత్రం మా ఇంట్లో తాగినట్టే ఉంది. దసరా తర్వాత మా మనవరాలికి ఓణీలు వేస్తాం, ఇంకెవరికీ ఒప్పుకోకు," అంది. వదిన మొహం చూడాలని నేను తిరిగితే, ఆమె అప్పటికే అన్నయ్య మొహం చూస్తోంది. అన్నయ్య వాటర్ ఫిల్టరు మీద కంపెనీ పేరు చదువుతున్నాడు.

సాయంత్రం ఇంకో చిక్కు వచ్చింది. బస్సు నేల ఎంత కడిగినా ఇంగువ వాసన పోలేదు. ఎక్కినవాళ్ళంతా ముక్కులు ఎగబీల్చి ఇదేమిటని అడిగితే, నెల డబ్బు వసూలు చేసే మనిషి అబద్ధం చెప్పలేక, నిలబడి, మా ఇంట్లో వంటలు తీసుకువెళ్ళాం, అనుమతి లేకుండా బస్సు వాడాను, క్షమించండి అని మొత్తం బస్సుకి చెప్పాడట. వాళ్ళు ఊరుకుంటారా? జుర్మానా వేశారు. శుక్రవారం సాయంత్రం అందరికీ పులిహోర. ఆ పులిహోరతోనే వదిన వ్యాపారం ఆర్.కె. పురంలో పాతుకుంది. పంజాబీవాళ్ళు, మలయాళీలు, బీహారువాళ్ళు, ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో పుట్టినరోజు. దసరాకి ముందే అన్నయ్య ఆఫీసుకి రాయవలసిన కాగితం స్వయంగా రాసుకున్నాడు. వ్యాపార స్వభావం అన్న చోట ఏం రాయాలని వదినని అడిగితే, వంట అని రాయండి, ఇంకేముంది అందట. ఆయన అలాగే రాశాడు.

ఇక జీపు సంగతి. కాఫీ నీళ్ళతో నడిపిన ఆ కొద్ది నిమిషాలకే దాని హెడ్డు గాస్కెట్టు పోయింది. కోట్లా మిస్త్రీ దగ్గర అది నెలన్నర పడుకుంది. నేను అప్పటిదాకా చేయించిన మరమ్మతులన్నిటిలోకీ అదే ఖరీదైనది. బాగయ్యాక రెండేళ్ళు వదిన గుండిగలు మోసింది, మోసినప్పుడల్లా నా రెండు ప్లాస్టిక్ డబ్బాలూ దానిలోనే ఉన్నాయి. ఆ తర్వాత డీజిలు పంపు చివరిసారి అలిగినప్పుడు మాయాపురివాడికి అమ్మేశాను. వాడు దాన్ని నా కళ్ళ ముందే విప్పడం మొదలుపెట్టాడు. నేను చివరి దాకా నిలబడలేదు.

అన్నయ్య రిటైరై, ఇద్దరూ ద్వారకాలో స్థిరపడ్డారు. వదిన మోకాళ్ళు సహకరించక విందులు మానేసింది. ఈమధ్య వాళ్ళ మనవరాలి పుట్టినరోజుకి భోజనం ఫోనులోనే తెప్పించుకున్నారు. డబ్బాలు మూతలకి టేపు వేసి వచ్చాయి, తెచ్చినవాడు గుమ్మం దగ్గర పెట్టి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. రుచిగానే ఉంది, వేళకే వచ్చింది, వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎవరు వండారో మాత్రం మా ఎవరికీ తెలియదు. చార్టర్డ్ బస్సులు కూడా మెట్రో వచ్చాక ఒక్కొక్కటిగా పోయాయి, ఆ కిటికీలూ ఆ పక్కమనుషులూ చెదిరిపోయారు.

నేను ఇప్పటికీ వాళ్ళని చూడడానికి ఆదివారాలు వెళ్తుంటాను, ఇప్పుడున్న బండి ఎప్పుడూ ఆగదు. ఆశ్రమ్ చౌక్ మీద ఫ్లైఓవరు కట్టారు. ఇదివరకు గంట పట్టినచోట కన్ను మూసి తెరిచేలోగా దాటిపోతాం. ఆ మలుపు వచ్చినప్పుడల్లా పక్కకి చూస్తాను. కింద ఎవరైనా బానెట్ ఎత్తి ఎండలో నిలబడి ఉన్నా, ఆ ఎత్తునుంచి కనిపించరు.